తింటుందా అని అడిగినందుకు

"చచ్చిపోయిందట," అన్నాడు డౌవె, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఫోనులోకి చూస్తూ.

"ఎవరు?" అంది రెన్స్కె. మొగుడికో బిస్కెట్టు, తనకో బిస్కెట్టు తీసి డబ్బా మూత టక్కున మూసేసింది. ఆ ఇంట్లో కాఫీకి ఒకటే బిస్కెట్టు. ఇన్నేళ్ళ కాపురంలో డౌవె రెండోదాని మొహం చూసి ఎరగడు.

"నీ పాము. డెన్ హెల్డర్ నుంచి వచ్చాడే ఆ పొడుగాటి కుర్రాడు, వాడు పట్టుకెళ్ళిన పసుప్పచ్చది. మన క్లబ్బు పేజీలో పెట్టాడు. చదవనా?"

"చదువు."

"'రెన్స్కె దగ్గర కొన్న పాము పట్టుమని పది రోజులు కూడా బతకలేదు. మేము అన్నీ సరిగ్గానే చేశాం. ఆవిడ దగ్గర కొనేవాళ్ళు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.' అదీ సంగతి. కింద అప్పుడే జనం పోగయ్యారు."

రెన్స్కె కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, కొట్టింది. డౌవె ఫోను తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు, అలవాటైన మనిషి కదా.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. డచ్చి దేశపు ఫ్రీస్‌లాండ్‌లో పాములు పెంచేవాళ్ళంతా నెలకోసారి ఒకచోట చేరతారు. ఆ గుంపులో 'రెన్స్కె పాము' అంటే మరో మాట అక్కర్లేదు. ఒంటి మీద పురుగుండదు, ముక్కులో చీమిడుండదు, ముట్టుకుంటే గట్టిగా, నిండుగా ఉంటుంది. ఇంటి వెనక ఒకప్పుడు దూడల్ని కట్టేసిన కొట్టంలో, వెచ్చటి అరల్లో, ఒక్కో పెట్టెలో ఒక్కో బాల్ పైథాన్‌ని పెట్టుకుని ముప్ఫయ్యేళ్ళుగా పిల్లలు పెట్టిస్తోంది ఆవిడ. బెదిరితే ఉండలా చుట్టుకుపోయే చిన్న జాతి కొండచిలువలవి. ఆవిడకి పిల్లల్లేరు, పెద్ద చదువు లేదు, మంచి మాటతీరు అసలే లేదు. ఉన్నదల్లా ఆ పేరొక్కటే. ఇప్పుడెవడో హార్బరులో ఓడల తాళ్ళు లాగేవాడు, నిన్నగాక మొన్న పాముని ముట్టుకున్నవాడు, ఆ పేరు మీద బురద చల్లాడు. ఒంటికాలి మీద లేవదా మరి?

లేచింది. లేచి డౌవె చేతిలో ఫోను లాక్కుని అక్కడికక్కడే ఆ కుర్రాడు యోరిట్‌కి కొట్టింది.

"యోరిట్! నేను రెన్స్కెని."

అవతల ఉలుకూ పలుకూ లేదు.

"పేజీలో రాయడానికి వేళ్ళొచ్చాయి, మాట్లాడ్డానికి నోరు రాలేదా?"

"అమ్మా... అది... నేను..."

"ఎక్కడుందిప్పుడు?"

"ఎవరండీ?"

"మీ తాతయ్య! పామయ్యా, పాము! శవం ఎక్కడ పెట్టావ్?"

"డీప్ ఫ్రీజర్లో పెడదామని కవర్లో చుట్టానండీ. దాని తిండికి తెచ్చిన ఎలకలు పెట్టుకునే అరలో."

"ఆగు! చెయ్యి తియ్యి! అందులో పెట్టావంటే గడ్డకట్టి లోపలిదంతా పాడైపోతుంది. తర్వాత ఏ డాక్టరు కోసినా ఏమీ తేలదు. మామూలు ఫ్రిజ్‌లో పెట్టు."

"ఫ్రిజ్‌లోనా? జున్ను పక్కనా? మా ఆవిడ నన్ను చంపేస్తుందండీ."

"చంపనీ. నువ్వు దేనివల్ల చచ్చావో అందరికీ తెలిసే ఉంటుంది. నా పాము సంగతే తేలాలి. రేపు పొద్దున్నే తీసుకుని లేవార్డెన్ రా. డాక్టర్ నింకె దగ్గర కోయిద్దాం. నువ్వుండాలి, నేనుండాలి. తప్పెవరిదని తేలితే వాళ్ళు అదే పేజీలో, అందరూ చూసేట్టు, తమ పేరుతో రాయాలి. సరేనా?"

"నా తప్పేం లేదండీ," అన్నాడు యోరిట్. ఈసారి మాట గట్టిగానే వచ్చింది.

"నాదీ లేదు. ఇంకెందుకు భయం? రా."

ఫోను మొగుడి ఒళ్ళో పడేసింది. "చూస్తూ ఉండు," అంది. "రేపీపాటికి వాడు క్షమించండి, క్షమించండి అని రాస్తూ కూర్చుంటాడు. వేడి పెట్టి ఉండడు. లేకపోతే నలుగురినీ పోగేసి మెళ్ళో వేసుకుని ఫొటోలు దిగుంటాడు. నాకు తెలీదా ఈ కొత్తవాళ్ళ సంగతి!"

"నువ్వనుకున్నదే అయితే మంచిదే," అన్నాడు డౌవె.

"అయితే ఏంటి, అయితే! అంతే."

అంత ధీమా ఆవిడకి. ఊరికే వచ్చింది కాదు. ఆ పసుప్పచ్చపిల్లని పట్టుకెళ్ళిన ఆదివారం ఆవిడ కళ్ళ ముందు సినిమాలా ఉంది.

జనవరి గాలి పళ్ళు కొరుకుతున్న రోజు. యోరిట్ సముద్రానికి అడ్డంగా వేసిన కట్ట మీదుగా కారులో వచ్చాడు. కొట్టం గుమ్మంలో నడుం వంచితే గానీ లోపలికి పట్టని మనిషి. చేతిలో ఒక పెట్టె, అందులో వాళ్ళావిడ ఉన్ని శాలువా, దాని కింద వేణ్ణీళ్ళ సీసా. ఏడాదిగా డబ్బు దాచుకున్నాడట, దొరికిన పుస్తకమల్లా చదివాడట. రెన్స్కె అన్నీ అడిగింది, అన్నింటికీ బుద్ధిగా జవాబు చెప్పాడు. ఆవిడకి ముచ్చటేసింది కూడా. పాముని పెట్టెలో పెట్టబోతుంటే గొంతు సవరించుకుని, "ఇది తింటుందా అండీ?" అన్నాడు.

తప్పేం కాదు నిజానికి. బాల్ పైథాన్లంటే తిండి దగ్గర పేచీ పెట్టే జాతి, కొనేవాడు అడగాల్సిన మొదటి ప్రశ్నే అది. క్లబ్బులో అందరూ వాడికి చెప్పి పంపించారు, అడగడం మర్చిపోకురోయ్ అని. కానీ రెన్స్కెని అడగడమంటే పెళ్ళివంట చేసే మనిషిని పట్టుకుని, మీకు అన్నం వండటం వచ్చా అని అడిగినట్టే. ఆవిడ మొహం జేవురించింది.

"తింటుందా అనా? నన్నా అడుగుతున్నావ్? ఉండు, చూద్దువుగాని."

ఫ్రీజర్లోంచి గడ్డకట్టిన ఎలకపిల్లని ఒకదాన్ని తీసి వేణ్ణీళ్ళలో వేసి, మెత్తబడ్డాక పట్టకారుతో పట్టుకుని పాము ముందు ఆడించింది. అంతే. పసుప్పచ్చ మెరుపొకటి మెరిసింది. ఎలక చుట్టూ మూడు చుట్లు పడ్డాయి. యోరిట్ రెండడుగులు వెనక్కి వేసి, ఆ తర్వాత ఆగలేక చప్పట్లు కొట్టాడు. రెన్స్కెకి కడుపు నిండింది. పాము మింగడం పూర్తయ్యాక తన చేత్తోనే పెట్టెలో పెట్టి మూత బిగించింది. "ఏదైనా అయితే ఫోన్ చెయ్యి," అంది కారు దాకా వెళ్ళి. "పిచ్చి ప్రశ్నలు అడగడానికి మాత్రం చెయ్యకు. నాకు పనుంటుంది."

అంత నిగనిగలాడుతూ వెళ్ళిన పాము రోగంతో చచ్చిందంటే ఎవరు నమ్ముతారు?

మర్నాడు పొద్దున డౌవె కారు తోలాడు, రెన్స్కె దారిపొడుగునా మాట్లాడింది. నింకె దగ్గరికి వెళ్ళేసరికి యోరిట్ అప్పటికే వచ్చి బయట నిలబడి ఉన్నాడు. రొట్టెలు పట్టుకెళ్ళే టిఫిను డబ్బా గుండెలకి ఆనించి పట్టుకున్నాడు. దాని చుట్టూ అదే ఉన్ని శాలువా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

రెన్స్కె తిట్లు సిద్ధం చేసుకొచ్చింది గానీ, ఆ శాలువా చూసి, "అదేంటి?" అనే అడిగింది.

"ఓలీబోల్‌ని తెచ్చానండీ," అన్నాడు.

"ఎవర్ని?"

"పేరు పెట్టుకున్నామండీ. కొత్త సంవత్సరానికి వేయించుకుంటాం కదా, ఆ పిండి ఉండ. ముట్టుకోగానే అలాగే గుండ్రంగా అయిపోయేది."

"పాముకి పేరేంటి!" అంది రెన్స్కె. ఆవిడ కొట్టంలో అన్నింటికీ నంబర్లే.

నింకె వాళ్ళని లోపలికి పిలిచింది. చదువుకునే రోజుల్లో సెలవులొస్తే రెన్స్కె కొట్టంలోనే పెట్టెలు కడిగిన పిల్ల ఆమె. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పాములకీ తాబేళ్ళకీ పెద్ద డాక్టరు. రెన్స్కె అరుపులకి బెదరని బహు కొద్దిమందిలో ఒకతె. "పిన్నీ, నువ్వా మూల కూర్చో. నువ్వీ మూల కూర్చో నాయనా," అంది. "నేను చెప్పేదాకా ఇద్దరూ నోరు విప్పకండి."

డబ్బా తెరిచింది. ఆ పసుపు రంగు మాసిపోయి ఉంది. నింకె కత్తి పట్టుకుని మెల్లగా మొదలుపెట్టింది. డౌవె కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, ఆయనకి రక్తం పడదు.

"ఊపిరితిత్తి శుభ్రంగా ఉంది," అంది నింకె కాసేపటికి. "లివరు బాగుంది. కొవ్వు పట్టాల్సినంత పట్టింది. పురుగుల్లేవు. రోగం అన్నమాటే లేదు పిన్నీ, బాగా పెంచావు."

రెన్స్కె లేచి నిలబడింది. "విన్నావా? ఏమయ్యా, విన్నావా! రోగం అన్నమాటే లేదు! రాసుకో, ఇప్పుడే రాసుకో!"

"కూర్చో పిన్నీ, ఇంకా అవలేదు." నింకె గొంతు భాగాన్ని దీపం కిందకి జరిపింది. "ఇది చూడండి. గొంతంతా పుండు పడిపోయింది. కడుపులో పులుపు పైకి తన్ని కాల్చేసింది. ఇదిగో ఎలక, సగం దూరం పైకొచ్చి ఇరుక్కుంది. ఊపిరి గొట్టం నిండా నీరు. మింగింది కక్కబోయి ఊపిరాడక పోయింది. ఈ పుండు ఈ ఒక్కసారికి పడింది కాదు, అంతకు ముందు కూడా కక్కి ఉండాలి. యోరిట్, ముందెప్పుడైనా కక్కిందా?"

యోరిట్ తల వంచుకున్నాడు.

"చెప్పు నాయనా."

"కక్కిందండీ. ఇంటికి తీసుకెళ్ళిన రోజు సాయంత్రమే. పెట్టె తెరిచేసరికి ఎలక బయట పడుంది. అంతా శుభ్రం చేశాను. రెండు రోజులు చూశాను. పాపం ఆకలితో ఉంటుంది కదా అని... ఇంకోటి పెట్టాను. వెంటనే తిందండీ. హమ్మయ్య అనుకున్నాను."

"కక్కిన దానికి మళ్ళీ పెట్టావా!" రెన్స్కె అరుపుకి గోడకి వేలాడుతున్న తాబేలు బొమ్మ కూడా ఊగి ఉంటుంది. "లోపలంతా పచ్చిపుండుగా ఉంటే దాని మీద ఇంకో ఎలకా? కక్కాక రెండు వారాలు నీళ్ళు తప్ప ఏదీ చూపించకూడదయ్యా! అన్ని పుస్తకాలు చదివానన్నావ్, ఏం చదివావ్? నాకొక్క ఫోన్ చెయ్యడానికి ఏమొచ్చింది నీకు?"

అంత పొడుగు మనిషీ కుర్చీలో ముడుచుకుపోయాడు. కానీ జవాబు మాత్రం చెప్పాడు.

"పిచ్చి ప్రశ్నలకి చెయ్యొద్దన్నారు కదండీ. ఇది పిచ్చి ప్రశ్నో కాదో నాకు తెలీలేదు. రెండుసార్లు మీ నంబరు తీశాను. తిడతారని పెట్టేశాను."

నిజం చెప్పాలంటే, ఆ మాట రెన్స్కెకి ఎక్కడో తగిలింది. తగిలినా ఒప్పుకునే మనిషా? "బాగుంది! చివరికి నా నోరు చంపిందంటావా పాముని?" అంది.

"చంపింది రెండో ఎలక," అంది నింకె. "అందులో అనుమానం లేదు. మరి మొదటిది ఎందుకు కక్కింది?"

"చలికి," అంది రెన్స్కె తడుముకోకుండా. "కట్ట మీద గాలికి. పెట్టెలో వేడి చాలక."

"వేణ్ణీళ్ళ సీసా ఉందండీ," అన్నాడు యోరిట్. "లోపల థర్మామీటరు కూడా పెట్టాను. దారిలో ఆగి ఆగి చూసుకుంటూ వెళ్ళాను. ఎక్కడా తగ్గలేదు."

"ఇంటికెళ్ళాక పట్టుకుని ఆడించారా?" అంది నింకె.

"లేదండీ. పెట్టె తెరిచేసరికే కక్కేసి ఉంది."

నింకె చేతి తొడుగులు తీస్తూ అడిగింది, "మరి తినడం ఎప్పుడు తింది?"

"అక్కడే," అన్నాడు యోరిట్. "అమ్మగారి కొట్టంలోనే. తింటుందా అని అడిగితే ఈవిడే పెట్టి చూపించారు. మింగేశాక పెట్టెలో పెట్టారు. బయల్దేరిపోయాను."

నింకె తొడుగులు చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ ఇటు తిరిగింది.

"పిన్నీ, నీ దగ్గర మొదటి రోజు పనికొచ్చినప్పుడు నాకేం నేర్పావు? పెట్టెలు కడగడం కంటే ముందు?"

రెన్స్కెకి గుర్తుంది. గుర్తుండకేం? క్లబ్బులో ఎన్నిసార్లు గొంతు చించుకుని చెప్పిందో. తిన్న పాముని రెండు రోజులు కదపకు. పెట్టె కూడా జరపకు. ప్రయాణానికి ముందు పస్తు ఉంచు. ముప్ఫయ్యేళ్ళుగా ఆ కొట్టం నుంచి ఏ పామూ నిండు కడుపుతో గుమ్మం దాటలేదు. ఆ పసుప్పచ్చదాన్ని కూడా పస్తే ఉంచింది. ఆదివారం వస్తాడని, దానికి వారం ముందు నుంచీ ఎలకని చూపించలేదు. అన్నీ తెలుసు, అన్నీ సిద్ధం చేసింది. ఆ ఒక్క ప్రశ్నకి ఒళ్ళు మండి, చేతిలో పట్టకారు ఎప్పుడు వచ్చిందో తనకే తెలీదు.

రెన్స్కె బల్ల మీద ఆ చిన్న ఒంటి వంక చూసింది. పుట్టినప్పుడు తక్కిన గుడ్లన్నీ పగిలి పిల్లలన్నీ బయటికొచ్చేసినా ఇదొక్కటే ముక్కు బయటపెట్టి, రెండు రోజులు లోపలే కూర్చుంది. దాన్ని చూసి డౌవె నవ్వుతూ, 'అచ్చం నీలాగే మొండిది' అన్నాడు. ఏడుపొచ్చింది. చూసినవాళ్ళు ఏమనుకుంటే అనుకోనీ అని కళ్ళు తుడుచుకుంది.

"తిన్న పాముని కదపకు," అంది. "అదే నేర్పాను."

ముక్కు చీదుకుని నింకె వైపు తిరిగింది.

"నేనే కదిపాను. తెలిసి తెలిసి. వీడు తింటుందా అన్నాడని నాకు రోషం వచ్చింది. నా గొప్ప చూపించడానికి పెట్టాను."

"నా తప్పు కూడా ఉంది కదండీ," అన్నాడు యోరిట్ గొణుగుతూ.

"ఉంది. ఎందుకు లేదు? నీ సంగతి నువ్వు చూసుకో. నాది పంచుకోడానికి రాకు."

తిరుగుదారిలో రెన్స్కె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. డౌవెకి అరుపులకంటే అది చూస్తేనే భయమేసింది. ఊళ్ళోకి మలుపు తిరిగే ముందు కారు పక్కకి ఆపమంది. "ఫోన్ తియ్యి. నేను చెప్తాను, నువ్వు రాయి. నీకే స్పెల్లింగులొచ్చు."

"ప్రయాణంలో అస్వస్థత వల్ల అని మొదలుపెడదామా?" అన్నాడు డౌవె.

"ఏ అస్వస్థత? చెప్పింది రాయవయ్యా. 'యోరిట్ కొన్న పాముకి ఏ రోగమూ లేదు. ప్రయాణం కట్టే ముందు దానికి కడుపు నిండా పెట్టింది నేను. గొప్ప కోసం పెట్టాను. అందుకే అది మొదటిసారి కక్కింది, అక్కడే చావు మొదలైంది. మీ అందరికీ ఇన్నేళ్ళుగా వద్దని చెప్పిన పని నేనే చేశాను. కిందా మీదా పడి నన్ను వెనకేసుకు రాకండి.' కింద నా పేరు పెట్టు."

"వాడు రెండోసారి పెట్టిన సంగతి?"

"వాడికి వేళ్ళు లేవా? వాడు రాసుకుంటాడు."

"రాయకపోతే?"

"రాయకపోతే వాడి మొహం. నేను బతికేది నా పేరుతో, వాడి పేరుతో కాదు. పంపించు."

డౌవె పంపించాడు. మధ్యాహ్నం భోజనాలవకముందే దాని కింద యోరిట్ కూడా రాశాడు. కక్కిన పాముకి రెండు రోజులకే తిండి పెట్టి చంపుకున్నానని, అడగడానికి భయపడ్డానని, తన పాత మాట తీసేస్తున్నానని. నాలుగు ముక్కలే, కానీ ఒక్కటీ తప్పించుకునే ముక్క లేదు. చదివించుకుని రెన్స్కె, "ఫర్వాలేదు, మనిషే," అంది. అంతకుమించి ఒక మాట మెచ్చుకోలు ఆవిడ నోట రావడం కష్టం.

క్లబ్బులో నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు. వసంతంలో పాముపిల్లలు కావాలని ముందే చెప్పిపెట్టుకున్నవాళ్ళల్లో ఒకాయన వెనక్కి తగ్గాడు. నెలవారీ మీటింగులో రెన్స్కె ఎప్పట్లాగే ముందు వరసలోనే కూర్చుంది. ఎవరో కొత్తవాడు లేచి తిండి పెట్టడం గురించి ఏదో అడిగితే, అందరూ తలలు తిప్పి ఆవిడ వంక చూశారు. "ఏంటలా చూస్తారు?" అంది. "నేను తప్పు చేశానని నాకు తెలిసిందంతా తప్పయిపోతుందా? విను నాయనా, చెప్తాను." చెప్పింది కూడా, అరగంట.

మార్చిలో యోరిట్‌కి తనే కబురు పెట్టింది. ఓలీబోల్‌తో పాటు పుట్టినదాన్నే, ఒక ఆడపిల్లని, తీసి ఉంచింది. డబ్బు మాట ఎత్తితే గుమ్మం ఎక్కనివ్వనంది. వాడు మళ్ళీ ఆ కట్ట మీదుగా వచ్చాడు, మళ్ళీ నడుం వంచి లోపలికొచ్చాడు, అదే పెట్టె, అదే శాలువా. రెన్స్కె పాముని అరచేతుల్లోకి తీసుకుంది. వాడు పెట్టె మూత తీసి పట్టుకున్నాడు.

"ఊఁ, అడుగు," అంది.

"ఏమిటండీ?"

"ఆ రోజు అడిగిందే."

యోరిట్ గుమ్మం దగ్గర నిలబడ్డ డౌవె వంక చూశాడు. డౌవె భుజాలెగరేశాడు. "ఎందుకులెండి," అన్నాడు యోరిట్.

"అడగమంటుంటే నీక్కాదూ!"

"...తింటుందా అండీ?"

ఇప్పటికీ ఆవిడ చెవులు వేడెక్కాయి. దాచుకోవడమెందుకు? పట్టకారు ఎదురుగా మేకుకి వేలాడుతూనే ఉంది. ఫ్రీజర్ పక్కనే ఉంది. రెన్స్కె పాముని మెల్లగా శాలువాలో పెట్టి, మూత తనే బిగించి, మూత మీద చెయ్యి అలాగే ఉంచింది.

"తింటుంది," అంది. "నీకివాళ చూపించను. పది రోజులుగా పస్తు మీదుంది, దారికి సిద్ధంగా ఉంది. ఇంటికెళ్ళాక వారం ముట్టుకోకు. అప్పుడు నువ్వే పెట్టు. తింటే ఫోన్ చెయ్యి. తినకపోతే ఫోన్ చెయ్యి. కక్కితే, ఇంకో ఆలోచన లేకుండా ఆ క్షణమే చెయ్యి."

"పిచ్చి ప్రశ్న అయితేనో?"

"తిడతాను. నా నోరు ఇప్పుడు మారదు. తిట్టినంతసేపు ఫోను దూరంగా పెట్టుకో, అయ్యాక చెవి దగ్గర పెట్టుకుని చెప్పింది విను."

వారం గడిచింది. రెన్స్కె ఫోను కొట్టంలోకి కూడా పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. అడిగితే, టైము చూసుకోడానికంది. గోడకి గడియారం ఉన్న సంగతి డౌవె గుర్తు చెయ్యలేదు. తొమ్మిదో రోజు పొద్దున, చేతులు రెండూ కడుగుతున్న పెట్టెలో ఉండగా ఫోను మోగింది. తడి చేతుల్తోనే తీసింది.

"అమ్మా, యోరిట్‌నండీ. పిచ్చి ప్రశ్న ఒకటి..."

రెన్స్కె నీళ్ళు కట్టేసి, తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది.

"అడుగు నాయనా," అంది.